కాగ్నిటివ్ రేడియో డైరీ: ఛానళ్లు ఖాళీ, కంట్రోల్ ఛానల్ జామ్

చవక బోర్డులతో ఇంట్లోనే కాగ్నిటివ్ రేడియో నెట్‌వర్క్ నమూనా కట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాసి పెడుతున్నాను. లైసెన్సున్న యూజర్ వాడని సమయంలో ఆ ఛానల్‌ను వాడుకుని, అతను రాగానే తప్పుకునే రేడియోనే కాగ్నిటివ్ రేడియో అంటారు. ఆ పేరుతో 1999లో జోసెఫ్ మిటోలా, జెరాల్డ్ మగ్వైర్ వ్యాసం రాశారు. ఆ పేరు అప్పటి నుంచి నిలిచింది. లైసెన్సున్నవాళ్లను ప్రైమరీ అని, ఖాళీ చూసుకుని దూరేవాళ్లను సెకండరీ అని అంటారు. కింద అంతా ఇవే మాటలు వాడాను.

దీని మీద చదివినవాళ్లు ఎక్కువగా "ఖాళీ ఛానల్‌ను ఎలా పసిగట్టాలి" అనే దగ్గరే ఆగిపోతారు. ఇక్కడ ఎక్కువ టైమ్ తిన్నది అది కాదు. ఖాళీ దొరికాక "పద, ఫలానా ఛానల్‌కి వెళ్దాం" అని రెండు రేడియోలు ఎక్కడ కలుసుకుని మాట్లాడుకోవాలి? ఆ మాట్లాడుకునే చోటే కంట్రోల్ ఛానల్.

దశ 1: ఖాళీ ఎంతుందో చూడటం

ఇండియాలో టీవీ బ్యాండ్‌లో 470 నుంచి 590 మెగాహెర్ట్జ్ దాకా, 8 మెగాహెర్ట్జ్ చొప్పున 15 ఛానళ్లు. భూమ్మీది టవర్ల నుంచి ప్రసారం చేసేది ఒక్క దూరదర్శనే. 2014లో ఐఐటీ బాంబే వాళ్లు లెక్కేస్తే దేశంలో దాదాపు అన్ని చోట్లా ఈ 15లో కనీసం 12 ఖాళీగా తేలాయి. తర్వాత 2021–22లో దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను చాలావరకు ఆపేసింది. అంటే కాగితం మీద కొరత లేదు.

మేడ మీద ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చవక రేడియో రిసీవర్) పెట్టి, ఆర్‌టీఎల్ పవర్ ప్రోగ్రామ్‌తో ఈ బ్యాండ్ అంతా స్కాన్ చేశాను. నాయిస్ మీద ఎన్ని డీబీ (డెసిబెల్) ఉంటే "వాడుకలో ఉంది" అనాలో గీత గీసి లెక్కపెడితే:

- గీత 3 డీబీ: 15లో 9 ఖాళీ
- గీత 6 డీబీ: 15లో 13 ఖాళీ
- గీత 10 డీబీ: 15లో 14 ఖాళీ

ఒకే యాంటెన్నా, ఒకే సాయంత్రం, మూడు జవాబులు. కారణాలు ఇవి:

1. డాంగిల్ ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అయితే దాని నడిమధ్యలో ఒక దొంగ ముల్లు కనిపిస్తుంది. అది సిగ్నల్ కాదు. ప్రతి స్కాన్ ముక్కలో నడుమ బిన్‌లు (స్కాన్‌ను విడగొట్టే చిన్న ఫ్రీక్వెన్సీ పట్టీలు) తీసేయాలి.
2. ముక్క అంచుల్లో ఫిల్టర్ వల్ల లెవెల్ పడిపోతుంది. రెండు వైపులా ఐదో వంతు చొప్పున వదిలేయాలి.
3. పక్క బిల్డింగ్ మీద సెల్ టవర్ ఉంటే 8 బిట్ల రిసీవర్ ఓవర్‌లోడ్ అయ్యి లేని సిగ్నల్స్ పుట్టిస్తుంది. గెయిన్ ఆటోలో పెట్టొద్దు. తగ్గిస్తూ పోతే నిజమైన సిగ్నల్ గెయిన్‌తో పాటు సమానంగా తగ్గుతుంది, దొంగది అంతకంటే చాలా వేగంగా మాయమవుతుంది.
4. డాంగిల్ వేడెక్కేకొద్దీ నాయిస్ లెవెల్ జరుగుతుంది. ఇక్కడ 1 డీబీ దాకా జరిగింది. అరగంట ఆన్‌లో ఉంచాకే కొలవాలి.

నాలుగోది చిన్న విషయంలా ఉంటుంది కానీ పని మొత్తాన్ని ఆపేది అదే. అమెరికాలో స్పెక్ట్రమ్ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2008లో టీవీ సిగ్నల్‌ను మైనస్ 114 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే సిగ్నల్ బలం) దగ్గర పసిగట్టాలని పెట్టింది. అక్కడ ఛానల్ 6 మెగాహెర్ట్జ్. ఆ వెడల్పులో సాధారణ రిసీవర్ సొంత నాయిస్సే సుమారు మైనస్ 100 డీబీఎం. అంటే నాయిస్ కంటే 14 డీబీ కింద మునిగిపోయిన సిగ్నల్‌ను పట్టుకోవాలి. నాయిస్ ఎంతో మనకు 1 డీబీ అటూ ఇటూగా మాత్రమే తెలిస్తే, ఎనర్జీ డిటెక్టర్‌కి (వచ్చిన పవర్‌ను మాత్రమే కొలిచి తేల్చే పద్ధతికి) మైనస్ 3.3 డీబీ దగ్గర గోడ అడ్డం వస్తుంది. దాని కింద ఉన్న సిగ్నల్‌ను గంటసేపు సగటు తీసినా నమ్మకంగా పట్టలేం. 2010లో ఎఫ్‌సీసీ, తమ లొకేషన్‌తో డేటాబేస్‌ను అడిగి తెలుసుకునే పరికరాలకు సెన్సింగ్ తప్పనిసరి కాదని మార్చింది. డాంగిల్‌తో కుస్తీ పట్టాక అది ఎంత సబబో అర్థమైంది.

కాబట్టి ఈ ప్రాజెక్టులో టీవీ బ్యాండ్‌ను వినడం వరకే. ప్రసారం చేయాలంటే లైసెన్సు కావాలి, అటు పోలేదు.

ఇప్పటిదాకా ఖర్చు: 2,600 రూపాయలు.

దశ 2: 2.4 గిగాహెర్ట్జ్‌లో నమూనా

లైసెన్సు అక్కర్లేని 2400 – 2483.5 మెగాహెర్ట్జ్‌కి మారాం. మారాం అంటే నేను, మా బాబాయి కొడుకు. వాడిది బీటెక్ మూడో ఏడు, సోల్డరింగ్ చెయ్యి నాకంటే నిలకడ.

సామాను కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాం. 15 ఆర్డుయినో నానో క్లోన్లు (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులు), 18 ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ రేడియో మాడ్యూళ్లు. 12 బోర్డులు సెకండరీలు, అంటే 6 జతలు. రెండు బోర్డులు ప్రైమరీ వేషం. ఒకటి స్కానర్. మూడు మాడ్యూళ్లు స్పేర్.

ఈ చిప్ ఎందుకంటే: ఒక్కో మెగాహెర్ట్జ్ ఒక ఛానల్, మారడానికి 130 మైక్రోసెకన్లు, ప్యాకెట్‌లో 32 బైట్ల దాకా డేటా, పైగా "ఇక్కడ మైనస్ 64 డీబీఎం కంటే గట్టిగా ఏదో వినిపిస్తోంది" అని చెప్పే ఒక బిట్ ఉంది. ఆ బిట్టే మన సెన్సర్. మొరటు సెన్సరే, కానీ ఉంది.

కట్టేటప్పుడు చూసుకోవాల్సినవి:

1. నానో 3.3 వోల్టుల పిన్ బలహీనం. ప్రతి మాడ్యూల్ పిన్నుల దగ్గరే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. అది లేకుండా సగం బోర్డులు ప్రసారం మొదలెట్టగానే రీసెట్ అయ్యాయి.
2. చిప్ 2525 మెగాహెర్ట్జ్ దాకా ట్యూన్ అవుతుంది. అనుమతి అంతవరకు లేదు. కోడ్‌లోనే ఛానల్ 2 నుంచి 80 దాటకుండా కట్టేయండి.
3. క్లోన్ చిప్‌లు కొన్నిటిలో ఆ సెన్సింగ్ బిట్ ఎప్పుడూ సున్నాయే. బిగించే ముందే ఒక్కో మాడ్యూల్‌ను క్యారియర్ (డేటా లేని వట్టి రేడియో తరంగం) ముందు పెట్టి చూడండి. మావాటిలో రెండు ఇలాంటివే, స్కాన్ అక్కర్లేని ప్రైమరీ బోర్డులకు వాటిని వాడేశాం.
4. ప్రైమరీ బోర్డు ప్యాకెట్లు పంపదు. టెస్ట్ మోడ్‌లో ఆగకుండా క్యారియర్ వదులుతుంది. సెకండరీల ప్యాకెట్లు మధ్యలో ఆగి ఆగి వస్తాయి కాబట్టి, వరసగా ఐదు సార్లు చూసి ఐదుసార్లూ బిట్ 1 వస్తే ప్రైమరీ అనుకోవచ్చు.

కంట్రోల్ ఛానల్ ఏది? ఇంట్లో వైఫై 1, 6, 11 నంబర్ల మీద ఉంటే 2473 పైన కాస్త ఖాళీ దొరుకుతుంది. 2480 వద్దు, బ్లూటూత్ లో ఎనర్జీ వాళ్ల ప్రకటనల ఛానళ్లు 2402, 2426, 2480. వైఫై 1, 6, 11లను వీలైనంత తప్పించుకునే చోట్ల పెట్టుకున్నారు. ఒకటి కాకుండా మూడు పెట్టుకున్నారన్నది కూడా గమనించండి, ఐదో దశలో అదే గుర్తొచ్చింది. మేం 2476 తీసుకున్నాం.

ఇప్పటిదాకా ఖర్చు: బోర్డులు 3,450, మాడ్యూళ్లు 1,620, హబ్‌లు, కెపాసిటర్లు, వైర్లు 1,930. మొత్తం 9,600.

దశ 3: కంట్రోల్ ఛానల్ నిండిపోవడం

పద్ధతి ఇది:

1. పంపాలనుకున్న నోడ్ (సెకండరీ బోర్డు) కంట్రోల్ ఛానల్‌లో కాసేపు వింటుంది, యాదృచ్ఛికంగా కొంత ఆగుతుంది.
2. "నాకు ఈ ఛానళ్లు ఖాళీ" అని రిక్వెస్ట్ పంపుతుంది.
3. అవతలి నోడ్ రెండు జాబితాల్లోనూ ఉన్న ఒక ఛానల్ ఎంచి జవాబిస్తుంది.
4. మొదటి నోడ్ ఖాయం చేస్తుంది. ఇద్దరూ ఆ ఛానల్‌కి వెళ్లి 40 ప్యాకెట్లు, అంటే 1280 బైట్లు పంపుకుని తిరిగి వస్తారు. ఇది ఒక సెషన్.

ఒక్కో డేటా ప్యాకెట్‌కి జవాబుతో కలిపి 0.8 మిల్లీసెకను. 40 ప్యాకెట్లకు 32. హ్యాండ్‌షేక్‌కి (రిక్వెస్ట్, జవాబు, ఖాయం చేయడం అనే తంతుకి) మొదట 15 మిల్లీసెకన్లు వచ్చింది, నమ్మశక్యంగా లేదు. చూస్తే అందులో ఏడు మన డీబగ్ ప్రింట్లవే. 115200 బాడ్‌లో 40 అక్షరాల లైన్‌కి 3.5 మిల్లీసెకన్లు పడుతుంది, నానో బఫర్ 64 బైట్లే, అది నిండితే కోడ్ అక్కడే నిలబడిపోతుంది. ప్రింట్లు తీసేసి, ఒక పిన్‌ను పైకీ కిందకీ ఆడించి లాజిక్ ఎనలైజర్‌తో కొలిచాం. 8 మిల్లీసెకన్లకు దిగింది.

జతలు పెంచుతూ పోతే మొత్తం థ్రూపుట్ (నిజంగా చేరిన డేటా), సెకనుకు కిలోబైట్లలో. డేటా ఛానళ్లు ఆరు ఖాళీగా ఉన్నాయి:

- 1 జత: 31
- 2 జతలు: 59
- 3 జతలు: 84
- 4 జతలు: 101
- 5 జతలు: 104
- 6 జతలు: 93

ఆరో జత వచ్చాక పెరగకపోగా తగ్గింది. ఇప్పుడు ఆరు జతలూ ఉంచి, ఖాళీ డేటా ఛానళ్లను మార్చాం:

- 1 ఛానల్: 36
- 2 ఛానళ్లు: 67
- 3 ఛానళ్లు: 88
- 4 ఛానళ్లు: 94
- 6 ఛానళ్లు: 93
- 8 ఛానళ్లు: 93

"అన్నా, ఎనిమిది ఛానళ్లు ఖాళీగా పడున్నాయి కదా, ఇంకెందుకు ఆగుతోంది?" అన్నాడు తమ్ముడు.

"స్కానర్ చూడరా. ఎనిమిదిలో ఎన్ని వెలుగుతున్నాయి?"

"రెండు. ఒక్కోసారి మూడు."

ఒక్కటే టోకెన్ కౌంటరున్న టిఫిన్ సెంటర్‌లో ఇంకో నాలుగు దోసె పెనాలు పెట్టినట్టుంది మా పని. లెక్క కూడా అంతే సులువు. ఒక హ్యాండ్‌షేక్ కంట్రోల్ ఛానల్‌ను ఎంతసేపు పట్టుకుంటుందో, ఆ హ్యాండ్‌షేక్‌తో డేటా ఎంతసేపు నడుస్తుందో చూడండి. డేటా సమయాన్ని కంట్రోల్ సమయంతో భాగిస్తే వచ్చేదే, ఎప్పుడైనా ఒకేసారి నడవగల డేటా ఛానళ్ల గరిష్ఠ సంఖ్య. మా 32ని 8తో భాగిస్తే 4. ఖాళీ స్పెక్ట్రమ్ నలభై ఛానళ్లున్నా ఆ నాలుగు దాటదు.

మరి నాలుగు కూడా ఎందుకు రాలేదు? ఆరు జతల మీద 93 కిలోబైట్లంటే సుమారు 13.8 మిల్లీసెకన్లకు ఒక సెషన్ మొదలవుతోంది. ఢీకొన్న రిక్వెస్టులు, మళ్లీ ప్రయత్నాలు కలిపి కంట్రోల్ ఛానల్ అసలు ధర 8 కాదు, 13.8. 32ని దానితో భాగిస్తే 2.3. స్కానర్‌లో వెలిగింది రెండు, ఒక్కోసారి మూడు. లెక్క కుదిరింది. మీ సెటప్‌లో కూడా ఒంటరి జత దగ్గర కొలిచిన హ్యాండ్‌షేక్ టైమ్‌తో డిజైన్ చేయొద్దు. అందరినీ ఒకేసారి వదిలి, సెషన్ల మధ్య సగటు ఎడం కొలిచి దాన్ని వాడండి.

ఆ 8 ఎక్కడికి పోతోందో విడగొట్టాం, మిల్లీసెకన్లలో:

- మొదట వినడం: 1.0
- బ్యాకాఫ్ (యాదృచ్ఛికంగా ఆగడం) సగటు: 3.2
- మూడు సందేశాలు గాల్లో ఉన్న సమయం: 0.6
- పంపడం నుంచి వినడానికి, వినడం నుంచి పంపడానికి మారడం: 0.5
- చిప్‌తో మాట్లాడటం, కోడ్ నడవడం: 1.2
- జవాబు కోసం అదనంగా ఆగడం: 1.5

ఈ లిస్టు చూడకముందు ఛానళ్ల జాబితాను బిట్‌మ్యాప్ చేసి రిక్వెస్ట్‌ను 24 బైట్ల నుంచి 6కి కుదించాం. లాభం 0.15 మిల్లీసెకను. సందేశాలు గాల్లో ఉండేదే 0.6 అయినప్పుడు ఇంకెంత మిగులుతుంది! పేపర్లలో కంట్రోల్ ప్యాకెట్ సైజు తగ్గించే పద్ధతులు చాలా కనిపిస్తాయి. నెమ్మది రేడియోల్లో వాటికి విలువ ఉండొచ్చు. ఇలాంటి చిప్ మీద మాత్రం ముందు బ్యాకాఫ్‌ను, ఆగే సమయాలను చూడాలి. జవాబు కోసం ఆగేది 1.5 నుంచి 0.7కి తగ్గిస్తే ఇబ్బంది రాలేదు. బ్యాకాఫ్ తగ్గిస్తే ఢీకొనడాలు పెరిగి మొదటికొచ్చింది, దాన్ని వెనక్కి పెట్టేశాం.

నిజంగా మార్పు తెచ్చింది సెషన్ పొడవు. 40 ప్యాకెట్ల బదులు 160. డేటా సమయం 128 మిల్లీసెకన్లు. ఆరు జతల థ్రూపుట్ 93 నుంచి 205కి వెళ్లింది.

దానికో మూల్యం ఉంది. 128 మిల్లీసెకన్లు ఒకే ఛానల్‌లో కూర్చుంటే మధ్యలో ప్రైమరీ వచ్చినా తెలియదు. టీవీ బ్యాండ్ కోసం 2011లో వచ్చిన ఐఈఈఈ 802.22 ప్రమాణం ఛానల్ ఖాళీ చేయడానికి 2 సెకన్లు ఇస్తుంది, ఆ లెక్కన ఫర్వాలేదు. మా నకిలీ ప్రైమరీ సగటున అర సెకను మాత్రమే ఉంటుంది, దానికి ఇది ఎక్కువ. అందుకని ప్రతి 40 ప్యాకెట్లకు ఒకసారి ఆగి ఐదుసార్లు వినడం పెట్టాం. థ్రూపుట్ 205 నుంచి 198కి దిగింది. దీన్నే ఉంచాం.

పక్కన పెట్టిన పద్ధతి ఒకటి: 100 మిల్లీసెకన్ల ఫ్రేమ్ తీసుకుని, మొదటి 20లో అందరూ కంట్రోల్ ఛానల్‌కి వచ్చి మాట్లాడుకోవడం, మిగతా 80లో డేటా. ప్రైమరీ కోసం అందరూ ఒకేసారి మౌనంగా వినే వీలు కూడా దొరుకుతుంది, అది బాగుంది. కానీ మా క్లోన్ నానోల్లో క్రిస్టల్ బదులు సిరామిక్ రెజొనేటర్ ఉంది. అర శాతం తేడా అంటే సెకనుకు 5 మిల్లీసెకన్లు. నాలుగు సెకన్లలో ఒక నోడ్ ఆ 20 మిల్లీసెకన్ల కిటికీ మొత్తం తప్పిపోతుంది. ప్రతి ఫ్రేమ్‌లో బీకన్ (అందరూ టైమ్ సరిచూసుకునే చిన్న సందేశం) పంపి సరిచేస్తే నడిచింది, 171 వచ్చింది. బీకన్ పంపే నోడ్ ఆగితే అంతా ఆగింది. క్రిస్టల్ ఉన్న బోర్డులు ఉంటే ఇది మళ్లీ చూడదగ్గదే.

దశ 4: చెవిటి నోడ్లు

ఇప్పటివరకు జతలు స్థిరం. ఎవరైనా ఎవరికైనా పంపవచ్చని మార్చగానే 198 కాస్తా 118 అయింది.

నోడ్‌కి ఒకటే రేడియో. డేటా ఛానల్‌లో ఉన్నంతసేపు కంట్రోల్ ఛానల్‌లో ఏం జరిగిందో దానికి తెలియదు. దాన్ని పిలిచినవాళ్లు జవాబు రాక మళ్లీ పిలుస్తారు, మళ్లీ పిలుస్తారు. ఆ వృథా పిలుపులన్నీ కంట్రోల్ ఛానల్ మీదే. సగానికి పైగా రిక్వెస్టులకు జవాబు లేదు. తిరిగొచ్చిన నోడ్‌కి ఏ ఛానల్ ఎవరు వాడుతున్నారో తెలియక అప్పటికే నడుస్తున్న సెషన్ మీద పడటం ఇంకో నష్టం. జుంగ్‌మిన్ సో, నితిన్ వైద్య 2004లో బహుళ ఛానళ్ల హిడెన్ టెర్మినల్ అని వివరించింది దీన్నే.

మందు: నోడ్‌కి రెండో మాడ్యూల్. ఒకటి ఎప్పుడూ కంట్రోల్ ఛానల్‌లోనే వింటుంది, ఎవరైనా పిలిస్తే "బిజీ, ఇంకా ఇన్ని మిల్లీసెకన్లు" అని చెబుతుంది. బోర్డు, మాడ్యూల్ మాట్లాడుకునే ఎస్‌పీఐ వైర్లు రెంటికీ అవే, సెలెక్ట్ పిన్లు మాత్రం వేరు.

పెట్టగానే పెద్దగా మెరుగుపడలేదు. ఒక మాడ్యూల్ ప్రసారం చేస్తుంటే ఐదు సెంటీమీటర్ల పక్కనున్న రెండోది కంట్రోల్ ఛానల్‌లోని నీరస సిగ్నల్స్ వినలేకపోయింది. పవర్ 0 నుంచి మైనస్ 18 డీబీఎంకి దించితే వినిపించింది, కానీ ఇంకో సమస్య తెచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒక మీటరుకి నష్టం సుమారు 40 డీబీ. మైనస్ 18తో పంపితే ఒక మీటరు దగ్గర మైనస్ 58, రెండు మీటర్ల దగ్గర మైనస్ 64. సెన్సింగ్ బిట్ అక్కడితో ఆఖరు. ప్యాకెట్‌ను మాత్రం చిప్ మైనస్ 85 దాకా చదవగలదు. అంటే రెండు మీటర్లు దాటితే మాట వినిపిస్తుంది గానీ "ఛానల్ బిజీ" అని తెలియదు. టేబుల్ చివర ఉన్న నోడ్లు ఇవతలివాళ్ల మీద తొక్కేస్తున్నాయి.

మైనస్ 12 దగ్గర రాజీ కుదిరింది. సెన్సింగ్ దూరం నాలుగు మీటర్లు. థ్రూపుట్ 161.

ఇప్పటిదాకా ఖర్చు: రెండో మాడ్యూళ్లు 1,080. మొత్తం 10,680.
ఇప్పటిదాకా థ్రూపుట్: 93 → 205 → 198 → 118 → 161. తగ్గిన రెండు చోట్లా పని కష్టమైంది, ఒకచోట ప్రైమరీ కోసం, ఇంకోచోట ఎవరైనా ఎవరికైనా పంపడం కోసం.

ఒక పక్క మాట. సాయంత్రం ఎనిమిది నుంచి పది మధ్య ఏ కొలతలూ తీసుకోకండి, తీసుకున్నా విడిగా రాసుకోండి. అపార్ట్‌మెంట్ అంతా వీడియోలు చూసే వేళ, హ్యాండ్‌షేక్ వైఫల్యం ఉదయం 4 శాతం ఉన్నది 19కి పోయింది. పై థ్రూపుట్ అంకెలన్నీ ఉదయంవే.

దశ 5: కంట్రోల్ ఛానల్ మీదికే ప్రైమరీ వస్తే

ప్రైమరీ బోర్డును 2476 మీద ఆన్ చేశాం. నడుస్తున్న సెషన్లు పూర్తయ్యాయి, తర్వాత సున్నా. డేటా ఛానళ్లన్నీ ఖాళీయే.

మొదటి మందు: ముందే అనుకున్న వరస. 2476 పోతే 2450, అదీ పోతే 2424. టేబుల్ మీద బాగా నడిచింది. నాలుగు నోడ్లను బెడ్‌రూమ్‌లోకి మార్చాం. గోడ అవతల క్యారియర్ మైనస్ 64 కంటే తక్కువ, ఆ నాలుగింటికీ 2476 ఖాళీగానే కనిపించింది. ఎనిమిది 2450కి వెళ్లాయి, నాలుగు అక్కడే ఉండిపోయాయి. నెట్‌వర్క్ రెండు ముక్కలు. ఏ ముక్కకీ రెండోది ఉందని తెలియదు.

ఇది గది సమస్య మాత్రమే కాదు. ఒక నోడ్‌కి ఏదైనా ఛానల్ ఖాళీగా ఉండే అవకాశం 0.8 అనుకోండి. 12 నోడ్లకూ అదే ఛానల్ ఖాళీగా ఉండే అవకాశం 0.8ని పన్నెండుసార్లు గుణించడం, అంటే 0.069. పదిహేను ఛానళ్లుంటే సగటున ఒక్కటి అందరికీ ఉమ్మడి. ప్రతి నోడ్‌కి విడిగా పన్నెండు ఛానళ్లు ఖాళీగా కనిపిస్తున్నా అందరూ కలిసేందుకు ఒకటే. నోడ్ల పరిస్థితులు ఒకదానికొకటి సంబంధం లేనివి అనుకుని వేసిన లెక్క ఇది. నిజంలో పక్కపక్క నోడ్లు ఇంచుమించు ఒకే స్పెక్ట్రమ్ చూస్తాయి కనుక ఇంత ఘోరంగా ఉండదు. కానీ నెట్‌వర్క్ విస్తరించేకొద్దీ అందరికీ ఒకే కంట్రోల్ ఛానల్ దొరకడం ఎందుకు కష్టమవుతుందో తెలుస్తుంది. స్పెక్ట్రమ్ లభ్యత గురించి చెప్పే "ఇన్ని శాతం ఖాళీ" అనే అంకెల్లో ఇది కనిపించదు.

రెండో మందు: కంట్రోల్ ఛానలే లేకుండా వెతుక్కోవడం. మాడ్యులర్ క్లాక్ అనే పద్ధతి:

1. 13 ఛానళ్లు తీసుకోండి. 13 ప్రధాన సంఖ్య, అది ముఖ్యం.
2. ప్రతి నోడ్ 1 నుంచి 12 మధ్య ఒక అడుగు ఎంచుకుంటుంది.
3. ప్రతి స్లాట్‌కి అన్ని ఛానళ్లు ముందుకు దూకుతుంది, 13 దాటితే చుట్టి మొదటికి వస్తుంది.
4. ఇద్దరి అడుగులు వేరై, ఛానళ్లన్నీ ఇద్దరికీ ఖాళీగా ఉంటే 13 స్లాట్ల లోపు తప్పక కలుస్తారు.
5. అడుగులు ఒకటే అయితే ఎప్పటికీ కలవకపోవచ్చు. అందుకే 26 స్లాట్ల దాకా దొరక్కపోతే కొత్త అడుగు ఎంచుకోవాలి.
6. తనకు ఖాళీగా లేని ఛానల్ వంతు వస్తే, ఖాళీగా ఉన్నవాటిలో ఏదో ఒకటి.

నోడ్ల గడియారాలు కలవవు కాబట్టి స్లాట్ హ్యాండ్‌షేక్‌కి కనీసం రెట్టింపు ఉండాలి. 20 మిల్లీసెకన్లు పెట్టాం. కలవడానికి సగటున 7 స్లాట్లు, 140 మిల్లీసెకన్లు. డేటా నడిచే సమయం కంటే వెతుకులాటే ఎక్కువ. ఆరు స్థిర జతలతో కొలిస్తే 96. ప్రైమరీ ఎక్కడికొచ్చినా సున్నా కాలేదు, కంట్రోల్ ఛానల్ జామ్ అన్న మాటే లేదు. కానీ రోజంతా 96తో బతకడం నచ్చలేదు.

ఇప్పుడు నడుస్తున్నది రెండిటి కలయిక:

1. మామూలుగా అందరూ కంట్రోల్ ఛానల్‌లో.
2. 300 మిల్లీసెకన్లు కంట్రోల్ సందేశం ఏదీ వినకపోతే, లేదా క్యారియర్ పసిగడితే, రెండో రేడియో మాడ్యులర్ క్లాక్‌లోకి వెళ్తుంది.
3. ఎవరైనా తగలగానే ఇద్దరూ తమ ఖాళీ జాబితాలు కలిపి కొత్త కంట్రోల్ ఛానల్ ఎంచుకుంటారు.
4. ఇంకొకరు తగిలితే, ఎక్కువమంది ఉన్న గుంపు ఛానల్ గెలుస్తుంది. సమానమైతే చిన్న ఛానల్ నంబర్.

300 ఎందుకంటే, 128 మిల్లీసెకన్ల సెషన్లు నడిచే నెట్‌వర్క్‌లో ఎవరో ఒకరు అంతలోపు పలకాలి. 150 పెడితే ఉత్తి నిశ్శబ్దానికే కొన్ని నోడ్లు పారిపోయాయి. ట్రాఫిక్ తక్కువగా ఉండే నెట్‌వర్క్ అయితే బీకన్ తప్పదు.

టేబుల్ మీద పన్నెండూ ఉంటే, ప్రైమరీ వచ్చాక ఒకటిన్నర సెకన్లలో అందరూ కొత్త చోట చేరుతున్నారు. ఆ తర్వాత మళ్లీ 160 దగ్గరే.

రెండు గదుల్లో పెడితే మాత్రం ఇంకా తేలలేదు. 2476 బెడ్‌రూమ్‌లో ఖాళీ, హాల్లో కాదు. గుంపు పెద్దది గెలవాలన్న నియమంతో నాలుగు నోడ్లూ హాల్ ఛానల్‌కి వచ్చేస్తాయి, అంతవరకు సరే. రెండో ప్రైమరీని బెడ్‌రూమ్‌లో ఆ కొత్త ఛానల్ మీద ఆన్ చేస్తే రెండు గుంపులూ ఒకదాన్నొకటి లాక్కుంటూ ఛానళ్లు మారుతూనే ఉన్నాయి. థ్రూపుట్ 40 దాటలేదు. రెండు గదులకూ ఒకే కంట్రోల్ ఛానల్ ఉండాలన్న పట్టు వదిలేసి, గదికొకటి ఉంచి, గుమ్మం దగ్గరి నోడ్‌లోని రెండు రేడియోలను రెండు కంట్రోల్ ఛానళ్లకు కట్టేయబోతున్నాం. ఆ నోడ్‌కి డేటా రేడియో మిగలదు కాబట్టి మూడో మాడ్యూల్ కావాలి. నానోలో పిన్లు సరిపోతాయి. స్పేర్ మాడ్యూళ్లు ఉన్నాయి కనుక ఖర్చు లేదు.

ప్రస్తుతం కాపీ చేసుకోదగ్గ సెట్టింగులు: 1 ఎంబీపీఎస్, పవర్ మైనస్ 12, సెషన్ 160 ప్యాకెట్లు, ప్రతి 40కి సెన్సింగ్, జవాబు ఆగుడు 0.7 మిల్లీసెకను, స్లాట్ 20, నిశ్శబ్ద పరిమితి 300. మొత్తం ఖర్చు 10,680 దగ్గరే ఉంది.